గొల్లభామకి కావలసింది మంచి పైకప్పు: తక్కువ ఖర్చుతో మాంటిస్‌ను పెంచిన నా అనుభవం

"నాన్నా, ఈ పురుగు నన్నే చూస్తోంది" అని మా పాప పిలిస్తే బాల్కనీలోకి వెళ్లాను. గులాబీ కుండీలో ఒక ఆకు అంచున చిటికెన వేలి గోరంత ఆకుపచ్చ పురుగు ఉంది. రెక్కల్లేవు. ముందు కాళ్లు రెండూ ముడుచుకుని, మూడు మూలల తలను మా వైపు తిప్పి చూస్తోంది. పాప ఎడమకి జరిగితే తల ఎడమకి తిరిగింది. కుడికి జరిగితే కుడికి తిరిగింది. కళ్లలోని నల్లటి చుక్క కూడా పాపతో పాటే కదిలింది.

అది గొల్లభామ పిల్ల. చాలామంది మిడతను కూడా గొల్లభామ అనే అంటారు కాబట్టి ముందే చెబుతున్నాను, నేను రాస్తున్నది దండం పెడుతున్నట్టు కాళ్లు ముడుచుకుని కూర్చునే మాంటిస్ గురించి. మిడత ఆకులు తింటుంది. ఇది ఆకు జోలికే పోదు, కదిలే పురుగుల్ని పట్టి తింటుంది. చుట్టరికం చూసినా మిడత కంటే బొద్దింకకీ చెదపురుగుకీ దగ్గర.

ఆ నల్లటి చుక్క సంగతి తర్వాత తెలిసింది. మాంటిస్ కన్ను వేల చిన్న చిన్న కళ్లు కలిసిన కన్ను. వాటిలో సరిగ్గా మన వైపు తిరిగి ఉన్నవి వెలుతురును లోపలికి లాగేసుకుంటాయి, అందుకే మనకి నల్లగా కనబడతాయి. మనం ఎటు జరిగితే అటువైపున్నవి నల్లబడతాయి. నిజంగా కనుపాప కాదు. కానీ తల తిప్పడం మాత్రం నిజమే. భుజం మీదుగా వెనక్కి చూడగలిగేంతగా తల తిప్పే పురుగు ఇది.

పాప దాన్ని పెంచుకుందామంది. నేను ఆ సాయంత్రమే ఇంటర్నెట్‌లో వెతకడం మొదలుపెట్టాను. గాజు పెట్టెలు, వేడి దీపాలు, తేమ కొలిచే మీటర్లు, ప్లాస్టిక్ తీగలు, అడుగున పరిచే కొబ్బరి పొట్టు, ఇలా చూస్తూ పోతే లిస్టు పెరిగిపోయింది. ఇంత చిన్న పురుగు కోసం అంత డబ్బు పెట్టే పరిస్థితి నాకు లేదు. ఇవేవీ లేకుండానే అది మా కుండీలో హాయిగా ఉంది కదా అనిపించింది. ఆ ఆలోచన తప్పు కాదు. కానీ కుండీలో దానికి ఏం దొరుకుతోందో చూడకుండా డబ్బాలో పెట్టడం తప్పు. ఆ తప్పుకి మా మొదటి మాంటిస్ ప్రాణం పోయింది.

దానికి బుజ్జి అని పేరు పెట్టాం. పొట్టిగా వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, మూతకి సూదితో చిల్లులు పెట్టి, లోపల ఒక చిన్న పుల్ల వేశాను. గాలి ఆడుతుంది, పారిపోదు, ఇంకేం కావాలి అనుకున్నాను. పది రోజులు బాగానే ఉంది. తర్వాత రెండు రోజులు తిండి ముట్టలేదు. జబ్బు చేసిందేమోనని నాకు టెన్షన్. ఇంకో రెండు ఈగల్ని వదిలాను. మర్నాడు పొద్దున చూస్తే డబ్బా అడుగున పడి ఉంది. పాత చర్మం సగం వరకే జారింది, వెనక కాళ్లు అందులోనే ఇరుక్కున్నాయి. బయటికొచ్చిన కాళ్లు ఎక్కడికక్కడ వంకరగా గట్టిపడిపోయాయి. సాయంత్రం దాకా మీసాలు కదిలాయి, తర్వాత ఆగిపోయాయి. పాప ఏడ్చింది. నాకూ చాలా బాధేసింది, ఎందుకంటే అది జబ్బుతో పోలేదు. నేను పెట్టిన మూత నున్నగా ఉండటం వల్ల పోయింది.

విషయం ఏమిటంటే, మాంటిస్ పెరగాలంటే కుబుసం విడవాలి. పుట్టిన దగ్గర్నుంచి పెద్దదయ్యేలోపు జాతిని బట్టి ఆరు నుంచి తొమ్మిది సార్ల వరకు విడుస్తుంది. ప్రతిసారీ తలకిందులుగా వేలాడుతూనే ఆ పని చేస్తుంది. వెనక కాళ్ల గోళ్లతో పైన దేన్నో గట్టిగా పట్టుకుని, పాత చర్మంలోంచి కిందికి జారుతుంది. పట్టు దొరక్కపోయినా, మధ్యలో జారిపోయినా, కింద జాగా చాలకపోయినా అంతే సంగతులు. అప్పుడే వచ్చిన ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఏ ఆకారంలో ఆరితే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. కుండీలో బుజ్జికి ఆకు అడుగు భాగం, గరుకు కొమ్మ ఉన్నాయి. నా డబ్బాలో నున్నటి ప్లాస్టిక్ మూత ఉంది. పిల్లగా ఉన్నప్పుడు నున్నటి గోడల మీద కూడా నడుస్తాయి కాబట్టి మనకి అనుమానం రాదు. నడవడం వేరు, ఒంటి బరువంతా గోళ్ల మీద వేసి అరగంట వేలాడటం వేరు.

అందుకే ఈ అనుభవం రాస్తున్నాను. డబ్బు మిగుల్చుకోవాలంటే మిగతా అన్నిట్లో మిగుల్చుకోండి. పైకప్పు, ఎత్తు, ఈ రెండూ సరిగ్గా కుదిరేదాకా మాత్రం మాంటిస్‌ని ఇంట్లోకి తేవద్దు. ఈ రెండిటికీ అసలు పెద్ద ఖర్చే లేదు.

ఒక గుడ్ల గూడు నుంచి పదుల సంఖ్యలో, కొన్ని జాతుల్లో వందకి పైగా పిల్లలు వస్తాయి. ఒకటి దొరికిన చోట దాని తోబుట్టువులు ఉండే అవకాశం ఎక్కువ. వారం రోజుల పాటు రాత్రిళ్లు టార్చి పట్టుకుని కుండీలన్నీ వెతికాం. ఐదో రాత్రి మల్లె కొమ్మ కింద ఇంకొకటి కనబడింది, రెండు సెంటీమీటర్ల వరకు ఉంటుంది. కానీ ఈసారి వెంటనే తేలేదు. ముందు ఇల్లు కట్టాను.

ఐదు లీటర్ల నీళ్ల క్యాన్ ఒకటి ఖాళీగా ఉంది. దాన్ని తిరగేశాను. అంటే మూతి కిందికి, అడుగు పైకి. పైకొచ్చిన అడుగు భాగాన్ని కత్తితో గుండ్రంగా కోసేసి, అంచులు గీరుకోకుండా టేపు చుట్టి, దాని మీద నైలాన్ నెట్ గుడ్డ బిగించి గ్లూ గన్‌తో అంటించాను. మూతి కింద ఉంది కాబట్టి క్యాన్ ఒరిగిపోకుండా ఒక ప్లాస్టిక్ గిన్నెలో నిలబెట్టాను. పక్క గోడకి రెండు వేళ్లు పట్టేంత రంధ్రం చేసి దానికి స్పాంజి ముక్క దూర్చాను. తిండి వెయ్యడానికి అదే తలుపు. లోపల ఒక ఎండుకొమ్మను ఏటవాలుగా, పైన నెట్‌ని తాకేలా నిలబెట్టాను. గ్లూ వాసన పోవడానికి రెండు రోజులు గాలికి ఉంచాను. ఇల్లు అంతే.

తిరగేయడం ఎందుకంటే, మాంటిస్ రోజులో ఎక్కువ సేపు పైకప్పుకే వేలాడుతుంది. పైన మూత ఉంటే, మనం తీసిన ప్రతిసారీ దాని నేలను దాని కాళ్ల కింద నుంచి లాగేసినట్టే. కుబుసం విడిచే వేళ మూత కదిపితే ఇంక చెప్పనక్కర్లేదు. ఈ క్యాన్‌కి పైకప్పు ఎప్పటికీ కదలదు. శుభ్రం చెయ్యాలంటే కింద మూత తిప్పి తీస్తాను, చెత్తంతా రాలిపడుతుంది. వారానికి ఒకసారి ఆ పని చేస్తే చాలు. మాంటిస్ మలం ఎండిన గింజల్లా ఉంటుంది, వాసన కూడా రాదు. వాసన వచ్చేది తిని వదిలేసిన పురుగు ముక్కల నుంచి. వాటిని మాత్రం రోజూ తీసేయాలి.

నెట్ గురించి ఒక మాట. దోమతెర ముక్క వాడదామని నేను కూడా అనుకున్నాను. కానీ కొన్ని దోమతెరలకి పురుగుమందు పట్టించి ఉంటుంది. దోమని చంపేది మాంటిస్‌నీ చంపుతుంది. మందు లేదని కచ్చితంగా తెలిస్తేనే వాడాలి. ఇనుప జాలీ కూడా వద్దు, దానికి గోళ్లు, పాదాలు దెబ్బతింటాయి. అలాగే క్యాన్ అయినా డబ్బా అయినా అంతకుముందు తాగే నీళ్లో తినే వస్తువులో ఉన్నదే తీసుకోండి. ఫినాయిలు, సబ్బు ద్రావణం, పురుగుమందు ఉన్న డబ్బా ఎన్నిసార్లు కడిగినా వద్దు. నీళ్లు చల్లే స్ప్రే బాటిల్ మాత్రం నేను కొత్తది కొన్నాను, ఆ ఒక్కదాని విషయంలో పాతది వాడే సాహసం చెయ్యలేదు.

ఎత్తు లెక్క తేలిక. మాంటిస్ ఒంటి పొడవుకి కనీసం మూడింతలు ఎత్తు, రెండింతలు వెడల్పు ఉండాలి. పాత చర్మం పైన వేలాడుతుంటే కొత్త ఒళ్లు దాని కింద వేలాడుతుంది, ఆ రెండు పొడవులకీ జాగా కావాలి, పైగా కొంచెం మిగలాలి. మా రెండోది పెద్దయ్యాక ఎనిమిది సెంటీమీటర్లకి దగ్గరగా వచ్చింది. క్యాన్ ఎత్తు సరిపోయింది. అలాగని మరీ చిన్న పిల్లను అంత పెద్ద క్యాన్‌లో వేస్తే దానికి ఈగ దొరకదు. మొదటి రెండు కుబుసాల వరకు అదే పద్ధతిలో చేసిన ఒక లీటరు సీసాలో ఉంచి, తర్వాత క్యాన్‌లోకి మార్చాను.

రెండో దాని పేరు చిట్టి. అది వచ్చిన మొదటి రాత్రే నన్ను భయపెట్టింది. పగలు ఆకుపచ్చగా ఉన్న కళ్లు రాత్రి పదింటికి చూస్తే నల్లగా మారిపోయాయి. చూపు పోయిందేమో అనుకున్నాను. పొద్దున్నకి మళ్లీ ఆకుపచ్చ. చీకట్లో వెలుతురు ఎక్కువ పట్టుకోవడం కోసం కళ్లు అలా నల్లబడతాయి, చాలా మాంటిస్‌లకి అంతే.

ఇక తిండి. ఖర్చు నిజంగా పెరిగేది ఇక్కడే, ఎందుకంటే అది వారాల తరబడి సాగే ఖర్చు. నేను పండ్ల ఈగలతో గట్టెక్కాను. బాగా మగ్గిన అరటిపండు ముక్క ఒక సీసాలో వేసి, మూతి మీద కాగితాన్ని గరాటులా చుట్టి పెడితే ఒకటి రెండు రోజుల్లో ఆ చిన్న చిన్న ఈగలు లోపలికి దూరతాయి, బయటికి దారి తెలియక ఉండిపోతాయి. ఇరవై దాకా చేరాక గరాటు తీసి గుడ్డ కట్టాను. మెదిపిన అరటిపండు, చిటికెడు ఈస్ట్, నలిపిన కాగితం ముక్క లోపల ఉంచితే అక్కడే గుడ్లు పెడతాయి. గది వెచ్చగా, 25 డిగ్రీల వరకు ఉంటే దాదాపు పది రోజుల్లో కొత్త తరం ఈగలు వచ్చేస్తాయి. వారానికో సీసా చొప్పున మొదలుపెడితే ఎప్పుడూ ఏదో ఒకటి సిద్ధంగా ఉంటుంది. నేను మొదట్లో ఒకే సీసా పెట్టాను. దానికి బూజు పట్టి ఈగలన్నీ పోయాయి. రెండు రోజులు చిట్టి పస్తులుంది. ఎప్పుడూ రెండు సీసాలు ఉంచండి.

ఈ ఈగల్ని సీసాలోంచి క్యాన్‌లోకి మార్చడమే కష్టం. ఎగిరిపోతాయి. సీసాని మూడు నాలుగు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే చల్లదనానికి మందగిస్తాయి, అప్పుడు స్పాంజి తలుపు తీసి గబుక్కున వదిలేయొచ్చు. కాసేపటికి అవి మళ్లీ తేరుకుంటాయి. ఎగరలేని రకం పండ్ల ఈగలు అమ్ముతారు. వాటిని ఒక్కసారి కొని ఇంట్లోనే పెంచుకుంటే ఈ ఇబ్బంది కూడా ఉండదు.

చిట్టి మూడు సెంటీమీటర్లు దాటాక పండ్ల ఈగల్ని పట్టించుకోవడం మానేసింది. అప్పుడు మామూలు ఈగలు, చిన్న చిమ్మటలు, అప్పుడప్పుడు కొన్న చిన్న కీచురాళ్లు వేశాను. ఎర మాంటిస్ ఒంటి పొడవులో సగానికి మించకపోతే మంచిది. చీమల్ని వెయ్యకండి, అవే దాన్ని కుడతాయి. ఇంట్లో తిరిగే బొద్దింకలు అస్సలు వద్దు, ఏ మందు తిని వచ్చాయో ఎవరికి తెలుసు? బయట పట్టిన పురుగులైనా మందు కొట్టని చోట పట్టినవే వెయ్యాలి. మేము ఆ ఎనిమిది నెలలూ ఇంట్లో దోమల స్ప్రే, కాయిల్ వాడలేదు. ఆ గదికి కిటికీ జాలీ బిగించుకున్నాం.

ఎంత తిండి పెట్టాలో గడియారం చెప్పదు, పొట్ట చెబుతుంది. పొట్ట పల్చగా ఆకులా ఉంటే ఆకలి. ఉబ్బి గుండ్రంగా ఉంటే చాలు. చిన్నప్పుడు ఒకటి రెండు రోజులకోసారి, పెద్దయ్యాక రెండు మూడు రోజులకోసారి పెట్టాను. అదేపనిగా మేపితే పొట్ట బరువెక్కి, ఎత్తు నుంచి పడినప్పుడు పగిలే ప్రమాదం ఉంది.

చిట్టి వేటాడటం చూడటానికి మా ఇంట్లో అందరం చేరేవాళ్లం. ఈగ గోడ మీద వాలగానే తల మాత్రమే తిరుగుతుంది. తర్వాత గాలికి ఊగే ఆకులా ఒళ్లు అటూ ఇటూ ఊపుతూ ఒక్కో అడుగు వేస్తుంది. ఆ ఊగడం ఆకులా కనబడటానికే కాకుండా దూరం అంచనా వెయ్యడానికి కూడా ఉపయోగపడుతుందంటారు. ఆగుతుంది. ఇంకో అడుగు. ఆ తర్వాత ఏం జరిగిందో కంటికి అందదు. ఈగ ఒక్కసారిగా రంపపు పళ్ల మధ్య ఉంటుంది. తినడం అయ్యాక ముందు కాళ్లను నోటితో ఒక్కో పన్నూ శుభ్రం చేసుకుంటుంది, ఆ కాలితో కళ్లు తుడుచుకుంటుంది. పిల్లి ముఖం కడుక్కున్నట్టే ఉంటుంది. ఆ పని ఐదు నిమిషాలు పట్టేది. పాప కదలకుండా చూసేది.

నీళ్లకి గిన్నె అక్కర్లేదు. రోజు విడిచి రోజు గోడ మీద కొంచెం చల్లితే ఆ బొట్లే తాగుతుంది. నేరుగా ముఖం మీద కొట్టకూడదు. పొద్దున చల్లితే సాయంత్రానికి ఆరిపోయేంత చాలు, ఎప్పుడూ చెమ్మగా ఉంటే బూజు వస్తుంది. వేడి సంగతికొస్తే, 22 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండే గదికి దీపం కొనడం వృథా. ఎండ తగిలే కిటికీలో మాత్రం పెట్టకండి, ప్లాస్టిక్ క్యాన్ లోపల నిమిషాల్లో వేడెక్కిపోతుంది.

నాలుగు నెలల్లో చిట్టి మా దగ్గర ఐదు సార్లు కుబుసం విడిచింది. మొదటిసారి నేను రాత్రంతా నిద్రపోలేదు. ఐదోసారికి గుర్తులు తెలిసిపోయాయి. తిండి మానేస్తుంది. ఈగ దగ్గరికొస్తే పట్టుకోదు సరికదా, దూరంగా జరుగుతుంది. ఒంటి రంగు మసకబారుతుంది. ఆఖరిసారైతే వీపు మీద రెక్కల మొగ్గలు ఉబ్బి కనబడతాయి. ఈ గుర్తులు కనబడగానే లోపలున్న పురుగులన్నీ తీసేయాలి. ముఖ్యంగా కీచురాయి ఉంటే వెంటనే తియ్యండి, మెత్తగా వేలాడుతున్న మాంటిస్‌ని అది కొరికేస్తుంది. గాలిలో కొంచెం తేమ ఉండేలా గోడ మీద చల్లి, ఇక క్యాన్ ముట్టుకోకూడదు. బుజ్జి తిండి మానేసినప్పుడు నేను ఇంకో రెండు ఈగలు వేశాను. సరిగ్గా చెయ్యకూడనిదే చేశాను.

ఆఖరి కుబుసం రాత్రి పదకొండు గంటలకి మొదలైంది. చిట్టి నెట్‌కి వెనక కాళ్లు, మధ్య కాళ్లు తగిలించి తల కిందికి వేలాడుతోంది. ఒళ్లు చిన్నగా వణికింది. వీపు మీద, మెడ వెనకాల సన్నటి గీత పడింది. ఆ గీత వెడల్పై అందులోంచి లేత ఆకుపచ్చ ఒళ్లు ఉబికి వచ్చింది. తల బయటికొచ్చింది, మీసాలు ఇంకా లోపలే, దారాల్లా మెల్లగా సాగుతూ వచ్చాయి. తర్వాత ముందు కాళ్లు. బిగుతైన మేజోళ్లలోంచి కాలు లాగినట్టు ఒక్కో కాలూ లాగింది. కాళ్లన్నీ బయటికొచ్చేసరికి పొట్ట కొస ఒక్కటే పాత చర్మంలో ఉంది. ఆ కొస ఆధారంగా, కాళ్లన్నీ గాల్లో వదిలేసి, కదలకుండా వేలాడింది. అప్పటికే ఎన్నోసార్లు చూసినా నా గుండె దడదడలాడుతూనే ఉంది. దేన్నీ పట్టుకోలేదు, కాళ్లు ఆరాలి. పాత చర్మం గోళ్లు నెట్‌లో ఎంత గట్టిగా దిగాయన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. పది నిమిషాలకి పైగా అలాగే ఉండి, ఒక్కసారి పైకి వంగి తన పాత చర్మాన్నే పట్టుకుని పొట్ట బయటికి లాగేసుకుంది.

తర్వాత రెక్కలు. మొదట నలిపిన కాగితపు ఉండల్లా వీపు మీద ఉన్నాయి. చూస్తుండగానే కిందికి సాగి సాగి, పాలరంగులో, తడి గాజు కాగితంలా వేలాడాయి. అర్ధరాత్రి దాటాక నేను పడుకున్నాను. పొద్దున చూస్తే రెక్కలు మడిచి, ఆకుపచ్చ రంగులో, నిన్నటిదేనా అనిపించేలా ఉంది. రెండు రోజుల వరకు తిండి వెయ్యలేదు. నోటి భాగాలు, కాళ్లు గట్టిపడేదాకా ఆగాలి. ఇంతకుముందు కుబుసాల తర్వాత ఒక రోజు ఆగినా సరిపోయింది.

పిల్లగా ఉన్నప్పుడు కాలు ఒకటి పోయినా భయపడక్కర్లేదు, తర్వాతి కుబుసాల్లో మెల్లగా మళ్లీ వస్తుంది. రెక్కలు వచ్చాక మాత్రం ఇక కుబుసం లేదు, ఏ దెబ్బ తగిలినా అలాగే ఉండిపోతుంది.

చేతి మీదకి ఎక్కించుకోవాలని అందరికీ ఉంటుంది. పైనుంచి పట్టుకుని ఎత్తకండి, దానికి పైనుంచి వచ్చేది పక్షే. వేలు దాని ముందు పెట్టి, వెనక కాళ్ల దగ్గర మెత్తగా తాకితే అదే ఎక్కుతుంది. ఎక్కాక ఎప్పుడూ పైకే నడుస్తుంది, మోచెయ్యి, భుజం, తల. విషం లేదు. భయపడితే ముందు కాళ్లతో గిచ్చుతుంది, చురుక్కుమంటుంది, అంతే. కుబుసం ముందూ తర్వాతా కొన్ని రోజులు మాత్రం ముట్టుకోవద్దు. పాప నేల మీద కూర్చుని మాత్రమే చేతిలోకి తీసుకోవాలని మా ఇంట్లో నియమం పెట్టాం, పడినా ఎత్తు తక్కువ.

చిట్టి ఆడదని నాలుగో కుబుసం ముందే తెలిసింది. ఫోన్ కెమెరాతో పొట్ట కింది భాగం ఫొటో తీసి గీతలు లెక్కపెట్టాం. ఆడదానికి ఆరు భాగాలు కనబడతాయి, మగదానికి ఎనిమిది. మగది దొరికితే జత చేద్దామా అని పాప అడిగింది. నేను వద్దన్నాను. ఒకే డబ్బాలో రెండు మాంటిస్‌లు ఉంటే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది, జతకట్టేటప్పుడు కూడా ఆడది మగదాన్ని తినే సందర్భాలున్నాయి. పైగా వందల పిల్లలు పుడితే విడివిడిగా పెంచే ఓపిక, ఈగల సీసాలు మా దగ్గర లేవు. జత లేకుండానే చిట్టి నెట్‌కి నురగలాంటి గుడ్ల గూడు కట్టింది, కొన్ని గంటల్లో అది గోధుమరంగులో గట్టిపడింది. మగది లేకుండా పెట్టిన గుడ్లలోంచి సాధారణంగా పిల్లలు రావు. అలా రెండుసార్లు పెట్టింది. పెట్టిన ప్రతిసారీ బాగా ఆకలితో ఉండేది, రోజూ తిండి అడిగేది.

ఏ జాతి తెచ్చుకోవాలని ఎవరైనా అడిగితే నా సమాధానం ఒకటే. ప్రపంచంలో దాదాపు 2400 మాంటిస్ జాతులున్నాయి, మీ చుట్టూ సహజంగా తిరిగేదే మొదటిదిగా పెంచండి. మీ గది వాతావరణం దానికి అలవాటైనదే కాబట్టి దీపాలూ మీటర్లూ లేకుండా గడిచిపోతుంది. ఎప్పుడైనా పెంచలేకపోతే దొరికిన చోటే వదిలేయొచ్చు. కొనాల్సి వస్తే గట్టిగా ఉండే హైరోడ్యులా, స్ఫోడ్రోమాంటిస్ రకాలు మొదటిసారికి బాగుంటాయి. పూవులా ఉండే ఆర్కిడ్ మాంటిస్ ఎంత అందంగా ఉన్నా దానికి వేడి, తేమ సరిగ్గా కుదరాలి, కొత్తవాళ్లకి కష్టం. పరాయి జాతిని గానీ, దాని గుడ్ల గూడుని గానీ బయట వదలకండి. అలాంటివి పెంచడానికి కొన్ని దేశాల్లో అనుమతి కూడా కావాలి, ముందే కనుక్కోండి.

రెక్కలు వచ్చాక చిట్టి ఇంకో నాలుగు నెలలు బతికింది. మూడో నెల నుంచి వయసు కనబడింది. ఎడమ వెనక కాలి పాదం రాలిపోయింది. నెట్‌ని పట్టుకోలేక ఒకటి రెండుసార్లు కింద పడింది. అడుగున మెత్తటి టిష్యూ పొరలు పరిచాను, కొమ్మని ఇంకా ఏటవాలుగా మార్చాను, క్యాన్ మధ్యలోనే ఒక నెట్ ముక్కని ఊయలలా కట్టాను. ఈగల్ని పట్టలేకపోతే చంపిన ఈగని పట్టకారతో నోటి దగ్గర కదిలిస్తే తీసుకునేది. ఆఖరి వారం అది కూడా మానేసింది. పాప అగ్గిపుల్ల కొసన నీటి బొట్టు పట్టుకుని ఇస్తే తాగేది. ఒక పొద్దున చూస్తే కొమ్మ మీదే, ముందు కాళ్లు ముడుచుకుని ఉంది. మీసాలు కదలడం లేదు. మొదట్లో దాన్ని పట్టి తెచ్చిన మల్లె కుండీలోనే పాతిపెట్టాం.

ఐదు కుబుసాలూ పాప ఒక పెట్టెలో దూది మీద వరసగా పెట్టింది, చిన్నది ముందు, పెద్దది చివర. పారదర్శకంగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిగ్గా ఉంటాయి. ప్రతిదాని వీపు మీదా ఆ గీత, ప్రతిదాని వెనక కాళ్లకీ గోళ్లు. చివరిది నెట్ మీద నుంచి తీసేటప్పుడు ఆ గోళ్లు ఎంతకీ వదల్లేదు, నెట్ దారం ఒకటి కత్తిరించి తియ్యాల్సి వచ్చింది. ఆ దారం ఇంకా దాని కాలికే ఉంది.